పనిచేస్తున్న వాటర్ పంపును టైమింగ్ బెల్టుతో పాటు మార్చాలా?

డస్టర్_ఖమ్మం
నా బండి 2014 నాటి డస్టర్ డీజిల్, 85 పీఎస్ మోడల్. మీటరు 1,42,000 కిలోమీటర్లు దాటింది. ఇంజనులో వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా చూసే టైమింగ్ బెల్టును 2019లో ఒకసారి మార్పించాను, ఇప్పుడు మళ్లీ గడువు వచ్చింది. బెల్టు విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. నా సందేహమంతా దాని వెనకాల వచ్చిన జాబితా గురించే. సర్వీస్ సెంటరు ఎస్టిమేటులో బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, దారిలో నడిపే ఐడ్లరు పుల్లీతో పాటు వాటర్ పంపు, ఇంజను వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్, ఆల్టర్నేటర్ బెల్టు, రేడియేటర్ హోసులు, చల్లటి డీజిల్ ఇంజను స్టార్టవడానికి వేడినిచ్చే నాలుగు గ్లో ప్లగ్గులు, ఇంజను మౌంటింగులు, క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు) ముందువైపు ఆయిల్ సీలు కూడా చేర్చారు. మొత్తం కలిపితే ఒట్టి బెల్టు పనికి అయ్యే ఖర్చుకు మూడింతలవుతోంది.

వీటిలో ఇప్పటికి చెడిపోయింది ఒక్కటీ లేదు. పంపు కంపెనీ నుంచి బండితో వచ్చినదే, దాని దగ్గర చెమ్మ కూడా కనబడదు. కూలెంట్ మట్టం తగ్గడం లేదు. డిసెంబరు చలిలో కూడా ఒక్క సెల్ఫుకే స్టార్టవుతోంది. ఇవన్నీ ఎందుకని అడిగితే "ఎలాగూ విప్పుతున్నాం కదా సార్" అన్నారు. నేను ఎప్పుడూ వెళ్లే షెడ్డు మేస్త్రీ మాత్రం బెల్టు కిట్టు, పంపు చాలని, మిగతావాటి జోలికి పోవద్దని చెబుతున్నాడు. ఇలాంటి నిర్ణయం మీరు ఏ ఆధారంతో తీసుకుంటారు?

నిదానమే_ప్రధానం
చెడిపోనిదాన్ని మార్చడం డబ్బు దండగ. పంపు కూడా మార్చనవసరం లేదు. అది లీకయ్యే ముందు చెబుతుంది, చెప్పినప్పుడు చూసుకోవచ్చు.

కాజా_కాకినాడ
ఎలాగూ విప్పుతున్నారు కనుక ఓనరును కూడా మార్చేయమని ఎస్టిమేటులో రాయలేదా?

పానా_సుత్తి
నిదానమే గారు చెప్పిన మాట చాలా ఇంజన్లకు సరిపోతుంది గాని ఈ ఇంజనుకు సరిపోదు. డస్టరులో ఉన్నది రెనోవారి కె9కె, 1.5 లీటర్ల డీజిల్ ఇంజను. టెరానో, సన్నీ, మైక్రా డీజిళ్లలో ఉన్నదీ ఇదే. ఇందులో వాటర్ పంపును తిప్పేది బయట కనబడే ఆల్టర్నేటర్ బెల్టు కాదు, లోపలి టైమింగ్ బెల్టే. అంటే పంపు బేరింగు బిగుసుకుపోయినా, దాని పుల్లీ అటూ ఇటూ ఊగినా ఆ దెబ్బ నేరుగా టైమింగ్ బెల్టు మీద పడుతుంది. బెల్టు తెగినా, రెండు పళ్లు జారినా వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు హెడ్డు (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) దించాలి, వాల్వులు మార్చాలి, అదృష్టం బాగాలేకపోతే పిస్టన్ల వరకు వెళ్లాలి.

ఇంకో సంగతి, పంపు కవరు లోపల ఉండటం వల్ల అది చెప్పే హెచ్చరిక మనకు చేరడం కష్టం. పంపు ఒంటి మీద వీప్ హోల్ అని చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరగడం మొదలైనప్పుడు కూలెంట్ ఆ రంధ్రం గుండా చెమ్మగా బయటికి వచ్చి, వేడికి ఆరిపోయి, ఉప్పు పేరుకున్నట్టు మరక కడుతుంది. కవరు విప్పి టార్చి వేసి చూస్తే తప్ప ఆ మరక కనబడదు. కింద చుక్క పడేసరికి ఆ చుక్క బెల్టును తడిపి ఉండవచ్చు.

అందుకని నేను "ఇప్పుడు పనిచేస్తోందా" అని అడగను. ఆగిపోయే ముందు నాకు కనబడేలా చెబుతుందా, ఆగితే తనతో పాటు దేన్ని ముంచుతుంది అని చూస్తాను. పంపు, టెన్షనరు, ఐడ్లరు ఈ రెండు లెక్కల్లోనూ ప్రమాదకరమైనవే. గ్లో ప్లగ్గు రెండింటిలోనూ అమాయకమైనది.

నిదానమే_ప్రధానం
పానా_సుత్తి గారూ, మీ వాదం ప్రకారం 2019లో బెల్టు మార్చినప్పుడే ఆ పంపు మార్చి ఉండాలి. మార్చలేదు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. మరి దీన్ని బట్టి ఏం తేలినట్టు?

పానా_సుత్తి
ఆ పంపు మంచిదని తేలింది. ఇంకో 70,000 కిలోమీటర్లు కూడా మంచిగానే ఉంటుందని మాత్రం తేలలేదు. ఇప్పుడు వదిలేస్తే తర్వాతి బెల్టు గడువు వరకు, అంటే సుమారు 2,10,000 వరకు అది నిలవాలి. మొదటిసారి వదిలేయడానికి, రెండోసారి వదిలేయడానికి తేడా ఉంది.

డాలస్_గుంటూరు
ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో హోండా ఒడిస్సీ ఉంది. వీ6 ఇంజను, అదీ టైమింగ్ బెల్టుదే, అందులోనూ పంపు ఆ బెల్టు మీదే తిరుగుతుంది. బండి తెర మీద సర్వీసు కోడు 4 వచ్చినప్పుడు ఏం చేయాలో హోండా మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. స్పార్కు ప్లగ్గులు మార్చాలి, టైమింగ్ బెల్టు మార్చాలి, వాటర్ పంపును తనిఖీ చేయాలి, వాల్వు క్లియరెన్సు చూడాలి. బెల్టు దగ్గర "మార్చాలి" అన్న కంపెనీయే పంపు దగ్గర "తనిఖీ చేయాలి" అని మాత్రమే రాసింది. అయినా ఇక్కడ ఏ షాపుకు వెళ్లినా పంపు మార్చకుండా బెల్టు వేయరు, ఎందుకని కస్టమర్లు కూడా అడగరు. నేనూ మార్పించాను. కారణం ఒక్కటే, ఇక్కడ పంపు ధర కన్నా ఆ చోటికి చేరుకోవడానికి అయ్యే లేబరు చార్జీ చాలా ఎక్కువ.

లెక్కల_మాస్టారు
డాలస్ గారు అసలు విషయం బయటపెట్టారు. "ఎలాగూ విప్పుతున్నాం కదా" అన్న సూత్రం లేబరు ఖరీదైన దేశాల్లో పుట్టింది. అక్కడ మెకానిక్ గంట ధర విడిభాగాల ధరను మింగేస్తుంది కనుక ఒకసారి విప్పితే చుట్టుపక్కలవన్నీ మార్చడం లాభసాటి. మన దగ్గర ఆ నిష్పత్తి తలకిందులుగా ఉంటుంది. షెడ్డులో అదే పనికి అయ్యే కూలి చాలాసార్లు ఒక మంచి విడిభాగం ధరకన్నా తక్కువ. అలాంటప్పుడు రెండోసారి విప్పాల్సి వస్తుందన్న భయానికి అంత విలువ ఇవ్వకూడదు. అక్కడి యూట్యూబు వీడియోలు చూసి ఇక్కడ ఎస్టిమేటు రాయడం, రాయించుకోవడం రెండూ తప్పే.

అయితే పంపును మార్చవద్దని దీని అర్థం కాదు. పంపును మార్చడానికి కారణం లేబరు ఆదా కాదు, పానా_సుత్తి గారు చెప్పిన హెడ్డు ఖర్చు. కారణం ఏమిటో తెలిస్తే జాబితాలో మిగతావాటిని కూడా అదే కొలతతో చూడవచ్చు. థర్మోస్టాట్, హోసులు, గ్లో ప్లగ్గులు బెల్టు దారిలో లేవు. రేపు పోతే రేపే మార్చుకోవచ్చు, అప్పటి కూలి మనకు భారం కాదు.

డస్టర్_ఖమ్మం
ఈ కోణం నాకు తట్టలేదు. నాకు ఇచ్చిన ఎస్టిమేటులో లేబరు మొత్తం కలిపినా విడిభాగాల మొత్తంలో నాలుగో వంతు కూడా లేదు.

శంషాబాద్_హ్యాంగర్
నేను విమానాల నిర్వహణ రంగంలో పనిచేస్తాను. ఈ ప్రశ్న మా రంగంలో చాలా పాతది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

1960ల వరకు విమానాల్లో ప్రతి భాగానికీ ఒక గడువు పెట్టి, ఆ గంటలు నిండగానే బాగా ఉన్నా విప్పి ఓవర్‌హాల్ చేసేవారు. అలా చేస్తే భద్రత పెరుగుతుందని నమ్మకం. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలన్, హీప్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1978లో అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదిక ఈ నమ్మకాన్ని కదిలించింది. వాళ్లు పరిశీలించిన భాగాల్లో వయసు పెరిగే కొద్దీ చెడిపోయే అవకాశం పెరిగేవి 11 శాతం మాత్రమే. మిగతా 89 శాతానికి గడువు పెట్టి మార్చడం వల్ల ప్రయోజనం లేదు. అంతకన్నా ఆశ్చర్యమేమిటంటే 68 శాతం భాగాలకు కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే చెడిపోయే అవకాశం ఎక్కువగా ఉండి, ఆ గండం దాటాక నిలకడగా నడిచాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో సముద్ర గస్తీ తిరిగే కోస్టల్ కమాండ్ విమానాల మీద సి.హెచ్. వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరిశీలన కూడా ఇలాంటిదే. ప్రతి 50 గంటలకు చేసే తనిఖీ పూర్తయిన వెంటనే అనుకోని మరమ్మతులు పెరిగి, ఆ తర్వాత గంటలు గడిచే కొద్దీ తగ్గుతూ వచ్చేవి. బాగున్నదాన్ని కదిలించడమే కొంత కీడు చేస్తోందని వాళ్లు తేల్చారు.

కాబట్టి పనిచేస్తున్న భాగాన్ని మార్చడం అంటే ఊరికే డబ్బు పోవడం కాదు. నిరూపించుకున్న భాగం స్థానంలో ఇంకా నిరూపించుకోని భాగాన్ని పెడుతున్నారు.

నిదానమే_ప్రధానం
నేను మొదటి పోస్టులో ఒక వాక్యంలో చెప్పినదానికి హ్యాంగర్ గారు యుద్ధం దాకా వెళ్లి సాక్ష్యం తెచ్చారు. ధన్యవాదాలు.

పానా_సుత్తి
తొందరపడకండి. ఆ 11 శాతంలో ఏమేమి ఉంటాయో కూడా హ్యాంగర్ గారినే చెప్పమనండి.

శంషాబాద్_హ్యాంగర్
న్యాయమైన ప్రశ్న. వయసుతో కచ్చితంగా అరిగేవి సాధారణంగా సరళమైన భాగాలు. ఒకే రకంగా రాపిడికి, అలసటకు, తుప్పుకు లోనయ్యేవి. విమానంలో టైర్లు, బ్రేకు ప్యాడ్లు అలాంటివి. కారులో టైమింగ్ బెల్టు, టెన్షనరు బేరింగు, పంపు సీలు, రబ్బరు హోసు ఆ కోవలోకే వస్తాయి. సెన్సార్లు, ఈసీయూ (ఇంజను కంప్యూటరు), ఆల్టర్నేటర్ లోపలి రెగ్యులేటరు వంటివి ఎప్పుడు పోతాయో వయసు చూసి చెప్పలేం. కనుక నేను బెల్టు మార్చవద్దని అనడం లేదు. "అన్నీ మార్చేస్తే నిశ్చింత" అన్న ఆలోచనను మాత్రమే తప్పుపడుతున్నాను.

డిపో_గ్యారేజీ
ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా దగ్గర ఇంజను గాని గేరుబాక్సు గాని తేడా చేస్తే అక్కడికక్కడే ముక్క ముక్క విప్పి కూర్చునేవాళ్లం కాదు. యూనిట్ మొత్తం దించి జోనల్ వర్క్‌షాపుకు పంపి, అక్కడ బాగుచేసి వచ్చిన యూనిట్ ఎక్కించి బస్సును రోడ్డు మీదికి పంపేవాళ్లం. బస్సు ఆగితే సర్వీసు రద్దవుతుంది, నడిరోడ్డు మీద అరవై మంది దిగి నిలబడతారు. అందుకని ఫ్యాన్ బెల్టు, హోసు, బ్రేకు లైనింగు వంటివి కొంచెం ముందుగానే మార్చేవాళ్లం. అదే అలవాటు సొంత కారుకు పెట్టుకోనక్కర్లేదు. కారు ఒకరోజు షెడ్డులో ఉంటే ఇంట్లో ఆటో ఎక్కుతారు.

కానీ అన్ని కార్లూ ఒకటి కాదు. టాక్సీకి తిప్పేవాడికి ఒకరోజు ఆగడమంటే ఆ రోజు కిరాయి పోవడం. రాత్రి పూట భద్రాచలం దాటి అడవిలో వెళ్లేవాళ్లకు హోసు పగలడం వేరే సంగతి. ఊళ్లో ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లకు వేరే సంగతి. డస్టర్ తమ్ముడు బండి ఎలా వాడతాడో చెప్పలేదు.

డస్టర్_ఖమ్మం
వారం పొడవునా ఊళ్లోనే తిరుగుతుందండీ. నెలలో ఒకటి రెండుసార్లు హైదరాబాదు, ఏడాదికోసారి కుటుంబంతో అరకు గాని తిరుపతి గాని వెళ్తాం. అమ్మానాన్నలు కూడా ఉంటారు కనుక దారిలో ఆగిపోతే ఇబ్బందే.

స్పేర్స్_రాణిగంజ్
మార్చాలా వద్దా అని ఇంతసేపు మాట్లాడుతున్నారు గాని మార్చి ఏం వేస్తున్నారన్నది ఎవరూ అడగలేదు. మాది విడిభాగాల దుకాణం. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీ బెల్టులు, బేరింగులు పెట్టి అమ్మే బేరం దేశమంతటా ఉంది. డబ్బా మీద ముద్ర, హోలోగ్రామ్ కూడా దించేస్తారు. బండితో వచ్చిన అసలు పంపును తీసి, ఎక్కడ తయారైందో తెలియని పంపు బిగిస్తే హ్యాంగర్ గారు చెప్పిన తొలి రోజుల గండం రెట్టింపు అవుతుంది. జీఎస్టీ బిల్లు ఇవ్వని చోట బెల్టు కిట్టు కొనవద్దు. బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, పంపు ఒకే పెట్టెలో ఒకే తయారీదారు నుంచి వచ్చే కిట్లు ఉన్నాయి, విడివిడిగా ఏరుకోవడం కన్నా అవి మేలు.

ఇంకొకటి, తీసిన పాత భాగాలన్నీ చేతికి ఇవ్వమని పని మొదలుపెట్టే ముందే చెప్పండి. మార్చామని బిల్లు వేసి మార్చకుండా వదిలేసే చోట్లు కూడా ఉంటాయి.

కాజా_కాకినాడ
మా ఇంట్లో అలా తెచ్చుకున్న పాత క్లచ్ ప్లేటు ఒకటి డాబా మీద ఇప్పటికీ ఉంది. తులసి కుండీ కింద చక్కగా సరిపోయింది.

విశాఖ_ఆటోనగర్
బెల్టు కొత్తది వేస్తే దాని బిగువుకు పాత పంపు సీలు తట్టుకోలేక లీకవుతుందని మా మేస్త్రీ ఎప్పుడూ అంటుంటాడు. పంపు మార్చడానికి ఇది కూడా ఒక కారణమే.

పానా_సుత్తి
నాకు ఆ మాట మీద పూర్తి నమ్మకం లేదు. బిగువు సరిచూసుకునే పని టెన్షనరుది. దాన్ని గుర్తుకు ఎదురుగా సరిగ్గా సెట్ చేస్తే పాత బెల్టుకూ కొత్త బెల్టుకూ పంపు మీద పడే లాగుడు దాదాపు ఒకటే. చేత్తో అంచనా వేసి అతిగా బిగించే చోట మాత్రం మీ మేస్త్రీ చెప్పింది నిజమవుతుంది. అంటే అది పంపు వయసు తప్పు కాదు, బిగింపు తప్పు.

విశాఖ_ఆటోనగర్
మీరు పుస్తకం చెబుతున్నారు, ఆయన చూసింది చెబుతున్నాడు. పాత పంపు వదిలేసిన బండ్లు కొన్ని నెలల్లోనే లీకుతో తిరిగి రావడం నేనూ చూశాను.

లెక్కల_మాస్టారు
లీకు రాని బండ్లు మీ షెడ్డుకు తిరిగి రావు కదా. వచ్చినవాటినే చూస్తే అన్నీ లీకైనట్టే అనిపిస్తుంది.

డస్టర్_ఖమ్మం
పంపు సంగతి నాకు అర్థమైంది. మిగతావాటి గురించి కూడా చెప్పండి. ముఖ్యంగా థర్మోస్టాట్, గ్లో ప్లగ్గులు, హోసులు. ఆయిల్ సీలు విషయంలో సర్వీస్ సెంటరు, మా మేస్త్రీ రెండు రకాలుగా చెబుతున్నారు.

గోదారి_గట్టు
గ్లో ప్లగ్గుల గురించి నేను చెబుతాను. బాగా స్టార్టవుతున్న డీజిల్ బండిలో గ్లో ప్లగ్గులను ఊరికే కదిలించకూడదు. ఇవి ఏళ్ల తరబడి హెడ్డులో కూర్చుని, కొన వైపు మసి గట్టిపడి అతుక్కుపోయి ఉంటాయి. మా బావగారి డీజిల్ బండికి సర్వీసులో "ముందు జాగ్రత్తగా" నాలుగూ విప్పబోతే మూడోది సగంలో విరిగి, కొన హెడ్డులోనే ఉండిపోయింది. ఆ ముక్క తీయడానికి హెడ్డు దించి లేతు షాపుకు పంపాల్సి వచ్చింది. అంతకుముందు ఆ బండికి స్టార్టింగు ఇబ్బందే లేదు.

వాటిని పరీక్షించడానికి విప్పనక్కర్లేదు. వైరు తీసి మల్టీమీటరుతో నిరోధం చూస్తే చాలు. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తుంది, కాలిపోయినది తెగిన వైరులా చూపిస్తుంది. మార్చాల్సి వస్తే ఇంజను వేడిగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె ముందే పోసి నానబెట్టి, నెమ్మదిగా విప్పాలి. మన ఖమ్మం వేడిలో ఒకటి పోయినా మిగతా మూడింటితో బండి స్టార్టవుతుంది.

డిపో_గ్యారేజీ
థర్మోస్టాట్ విషయంలో మన వైపు ఒక చెడ్డ అలవాటు ఉంది. "మన ఎండలకు ఇది ఎందుకు" అని తీసి పారేసి ఖాళీగా బిగించే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. అలా చేస్తే ఇంజను కావలసిన వేడికి చేరక డీజిలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి మూసుకోక, నీళ్లు రేడియేటరుకు వెళ్లకుండానే తిరిగి వచ్చి, ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది కూడా. మార్చడం, ఉంచడం రెండూ ఒప్పుకుంటాను గాని తీసేయడం మాత్రం ఒప్పుకోను.

విడిగా బయటికి వచ్చే థర్మోస్టాట్ అయితే దాన్ని పరీక్షించడం చాలా సులువు. దాన్ని దారంతో కట్టి నీళ్ల గిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి మీద వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 80 దాటాక, మూత మెల్లగా లేవడం మొదలై ఇంకో పదీ పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. దించి చల్లారబెడితే తిరిగి గట్టిగా మూసుకోవాలి. మూసుకోకుండా సన్నటి సందు మిగిలితే దానికి వయసైపోయినట్టు. డస్టరులో అది ప్లాస్టిక్ హౌసింగుతో కలిసి ఉంటుంది కనుక గిన్నె పరీక్షకు అంత వీలు కాదు. ఆ ప్లాస్టిక్ అంచుల్లో పగులు గాని, కూలెంట్ మరక గాని ఉంటే మార్చండి, లేకపోతే వదిలేయండి.

నిదానమే_ప్రధానం
హోసులను చేత్తో నొక్కి చూస్తే తెలుస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు క్లిప్పు దగ్గర, వంపు దగ్గర నొక్కాలి. గట్టిపడి పటపటమన్నా, మరీ మెత్తగా ఉబ్బినా మార్చాలి. కొత్తదానిలా సాగి తిరిగి వస్తే ఉంచాలి. పదేళ్లు దాటిన రబ్బరు విషయంలో మాత్రం నేను కూడా మార్చే పక్షమే, ముఖ్యంగా రేడియేటరు పై హోసు. ఇది నా సూత్రానికి విరుద్ధమని ఎవరూ ఎత్తిచూపవద్దు.

కాజా_కాకినాడ
ఎత్తిచూపడానికే స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

పానా_సుత్తి
ఆయిల్ సీలు గురించి. బెల్టు మీద ఆయిల్ పడితే రబ్బరు ఉబ్బి బెల్టు ఆయుష్షు పోతుంది కనుక సీలు ముఖ్యమైనదే. కానీ అది పూర్తిగా పొడిగా ఉంటే దాన్ని పెకలించడంలో షాఫ్టు మీద గీత పడే ప్రమాదం ఉంది. ఇప్పటి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) రకం సీళ్లను దానికి ఇచ్చిన గైడుతోనే ఎక్కించాలి, పెదవిని వేలితో తాకకూడదు, ఆయిల్ రాయకూడదు. పాత పద్ధతిలో ఆయిల్ పూసి సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్లు కొత్త సీలునే లీకు చేస్తారు. కవరు తీశాక స్ప్రాకెట్ వెనక టార్చి వేసి చూడండి, పొడిగా ఉంటే వదిలేయండి. ఇంజను మౌంటింగు కూడా అంతే. కుడివైపు మౌంటింగు తీయకుండా ఈ బెల్టు పని జరగదు, కనుక అది ఎలాగూ చేతికి వస్తుంది. రబ్బరు చిట్లిందో లేదో అప్పుడు చూసి చెప్పవచ్చు.

ఎస్టిమేటులో వాళ్లు వదిలేసిన అసలు వస్తువు ఒకటుంది. క్రాంకు పుల్లీ బోల్టు. అది ఒకసారి బిగిస్తే సాగే రకం, టార్కు ఇచ్చి ఆపైన కొంత కోణం తిప్పి బిగిస్తారు. విప్పాక మళ్లీ అదే వాడకూడదు. చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, కానీ మార్చి తీరాలి.

విశాఖ_ఆటోనగర్
ఈ బోల్టు విషయంలో పానా_సుత్తి గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. అలాగే ఆల్టర్నేటర్ బెల్టును చిన్నచూపు చూడవద్దు. ఈ ఇంజనులో అది పీచు పీచుగా చీలితే ఆ పోగులు క్రాంకు పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవరులోకి చుట్టుకుని వెళ్లి టైమింగ్‌నే జరిపేస్తాయి. బయట ఉన్న బెల్టే కదా, తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, అప్పుడు చూద్దాం అనుకోవడానికి లేదు.

లెక్కల_మాస్టారు
అయితే నా పోస్టులో ఆల్టర్నేటర్ బెల్టు పేరు రాయకపోవడం మంచిదైంది. అది కూడా "తనతో పాటు ముంచే" జాబితాలోకే వస్తుందన్నమాట. దాన్ని కళ్లతో చూసి నిర్ణయించవచ్చా?

విశాఖ_ఆటోనగర్
పాత రకం రబ్బరైతే పగుళ్లు కనబడేవి. ఇప్పటి ఈపీడీఎం అనే కొత్త రకం రబ్బరు బెల్టులకు పగుళ్లు అంత తొందరగా రావు, గాడుల మధ్య రబ్బరు అరిగి లోతు పెరుగుతుంది. టైమింగ్ బెల్టులు కూడా అలాగే, పైకి నల్లగా మెరుస్తూనే తెగిపోతాయి. కనుక రెండు బెల్టులకూ కిలోమీటర్లు, సంవత్సరాలు ఏది ముందైతే అదే గడువు. కళ్లతో చూసి "బాగానే ఉంది" అని ఇంకో ఏడాది నడిపించేవాళ్లకు దణ్ణం.

హుజూర్‌నగర్_వాసి
నాదీ ఇదే ఇంజను. విదేశాల్లో దీని కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) బేరింగులు ముందుగానే మార్చుకుంటారని చదివాను. బెల్టు పనితో పాటు ఆయిల్ చాంబరు దించి అవి కూడా మార్పిస్తే ఎలా ఉంటుంది?

శంషాబాద్_హ్యాంగర్
దయచేసి అలా చేయించవద్దు. ఆ ఇబ్బంది ఎక్కువగా యూరప్‌లోని తొలినాటి ఇంజన్లది, అక్కడ 30,000 కిలోమీటర్ల దాకా ఆయిల్ మార్చకుండా నడపడం దానికి పెద్ద కారణం. ఇక్కడ 10,000కు ఒకసారి ఆయిల్ మారుస్తూ వచ్చిన బండికి ఆ భయాన్ని అంటగట్టకూడదు. దుమ్ము ధూళి ఉన్న షెడ్డులో చాంబరు దించి, బాగున్న బేరింగు టోపీలు విప్పి మళ్లీ బిగించడమంటే వాడింగ్టన్ చెప్పిన కీడును మనమే ఇంటికి పిలిచినట్టు. ఆయిల్ ప్రెజరు సరిగ్గా ఉందా, మార్చిన ఆయిల్‌లో లోహపు రజను మెరుస్తోందా అని చూసుకోండి. అనుమానం ఉంటేనే విప్పించండి.

డిపో_గ్యారేజీ
పంపు విషయంలో ఇంకో మాట. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన చరిత్ర ఉన్న బండి అయితే ఈ చర్చే అక్కర్లేదు, పంపు మార్చేయాలి. మన బోరు నీళ్ల సున్నం పంపు రెక్కల మీద, సీలు మీద పేరుకుని దాన్ని తొందరగా తినేస్తుంది. ఈ ఇంజనుకు కంపెనీ చెప్పింది టైప్ డి కూలెంట్. పంపు తీసేటప్పుడు పాతది ఎలాగూ వంపేయాలి కనుక కొత్తది పూర్తిగా నింపించండి, గాలి తీయించండి. రెండు రకాల కూలెంట్లు కలపవద్దు.

డస్టర్_ఖమ్మం
నిన్న సాయంత్రం మేస్త్రీతో కూర్చుని జాబితా మళ్లీ రాసుకున్నాను. బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, పంపు కలిసి ఉన్న కిట్టు, క్రాంకు బోల్టు, ఆల్టర్నేటర్ బెల్టు, దాని టెన్షనరు, కూలెంట్, రేడియేటరు పై హోసు మారుస్తున్నాం. ఆయిల్ సీలు, మౌంటింగు కవరు విప్పాక నా ఎదురుగానే చూసి చెబుతాడు. థర్మోస్టాట్, గ్లో ప్లగ్గులు, కింది హోసు ముట్టుకోవడం లేదు. క్యాం, క్రాంకు కదలకుండా పెట్టే లాకింగ్ పిన్నులు ఉన్నాయా అని అడిగితే బీరువాలోంచి తీసి చూపించాడు. సర్వీస్ సెంటరు ఎస్టిమేటుకు దాదాపు సగంలో పని తేలుతోంది.

నిదానమే_ప్రధానం
పంపు దగ్గర నా ఓటు ఇప్పటికీ "తీసి చూసి నిర్ణయించండి" అన్నదే. బెల్టు తీశాక పుల్లీని చేత్తో తిప్పితే గరుకు తెలుస్తుంది, పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుంది. రెండూ లేకపోతే పాతదే ఉంచి, కొత్తది తిరిగి ఇచ్చేయవచ్చు.

పానా_సుత్తి
చేత్తో తిప్పితే బేరింగు తెలుస్తుంది, సీలు తెలియదు. అదీగాక కిట్టులో కలిసి వచ్చినదాన్ని దుకాణం వాళ్లు ఒక్క పంపు కోసం తిరిగి తీసుకోరు.

స్పేర్స్_రాణిగంజ్
తీసుకోం.

స్విఫ్ట్_నల్గొండ
సందట్లో నా ప్రశ్న కూడా అడుగుతున్నాను. నాది స్విఫ్ట్ డీజిల్, 1.3 ఇంజను, 1,60,000 తిరిగింది. దీనికి బెల్టు కాదు, చైను. గడువు లేదంటారు గాని ముందు జాగ్రత్తగా మార్పించమని ఒక మెకానిక్ సలహా ఇచ్చాడు. శబ్దం ఏమీ లేదు.

పానా_సుత్తి
శబ్దం లేకపోతే మార్పించవద్దు. ఆ ఫియట్ 1.3 ఇంజనులో చైను దగ్గరికి వెళ్లాలంటే ముందు కవరు, కింద ఆయిల్ చాంబరు దించాలి, అది చిన్న పని కాదు. చైను ఆయిల్‌లో తిరుగుతుంది, టెన్షనరు ఆయిల్ ప్రెజరుతో పనిచేస్తుంది, కనుక దాని ఆయుష్షంతా మీరు ఆయిల్ ఎప్పుడు మారుస్తున్నారన్న దాని మీదే ఉంటుంది. బెల్టులా కాకుండా ఇది ముందు చెబుతుంది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బానెట్ తెరిచి, చైను ఉన్న వైపు నిలబడి వినండి. ఒకటి రెండు సెకన్లు గరగరలాడి ఆగిపోతే రాసిపెట్టుకుని గమనిస్తూ ఉండండి. ఆ గరగర రోజురోజుకూ పెరిగినా, ఇంజను వేడెక్కాక కూడా మిగిలినా అప్పుడు చైను, గైడులు, టెన్షనరు మూడూ కలిపి మార్పించండి, ఒట్టి చైను వద్దు.

స్విఫ్ట్_నల్గొండ
ఆయిల్ 10,000కు బదులు ఇంకా ముందే మార్చాలా?

డిపో_గ్యారేజీ
కంపెనీ చెప్పిన గ్రేడు, కంపెనీ చెప్పిన గడువు దాటకుండా మారిస్తే చాలు. తక్కువ తిరిగే బండి అయితే కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి మార్చండి. ప్రతిసారీ ఫిల్టరు కూడా మార్చాలి, పాతది కడిగి పెట్టే మేస్త్రీ దగ్గరికి వెళ్లవద్దు.